మెట్టసీమ కళాశాలలు – పరిశోధన

ఉన్నత విద్యయందు పరిశోధన పెరుగవలెననియు, విద్యార్థులలో నూతనాలోచన వికసింపవలెననియు పలుకని పెద్దలు నేడు లేరు. స్నాతకోత్సవములందును, కళాశాలల వార్షికోత్సవములందును ఈ మాట వినబడుచునే యున్నది. 2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము ఈ మాటనే చెప్పెను. 2023లో పార్లమెంటు జాతీయ పరిశోధన సంస్థకై ప్రత్యేక శాసనము చేసినది. అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్పవలెనని ప్రభుత్వము సంకల్పించినది. 2020-21 లెక్కల ప్రకారము మన దేశము పరిశోధనకై వెచ్చించినది జాతీయోత్పత్తిలో నూటికి 0.64 వంతు మాత్రమే గనుక, ఈ సంకల్పము మెచ్చదగినదే. కాని ఇట్టి ధనము ఏ కళాశాలల ముంగిటికి చేరునో, ఏ ముంగిటికి చేరదో మన మెఱుగని విషయము కాదు. ఉదయగిరిలోను, ఆత్మకూరులోను డిగ్రీ చదువుచున్న పిల్లలకు ఈ మాటలతో సంబంధమేమి? నేడు మేము విచారింపదలచిన ప్రశ్న ఇది.

సంబంధము కలదనియే మా యభిప్రాయము. నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమ విద్యార్థుల కాళ్లక్రిందనే, వారు దినదినము త్రాగు నీటిలోనే, ఒక గొప్ప శాస్త్రీయ ప్రశ్న దాగియున్నది. దానిని విచారించుటకు వలయు పరికరము స్వల్పమైనది. అందుకు వలయు కాలమును విద్యాప్రణాళికయే కేటాయించినది. అయినను ఆ పని జరుగుట లేదు. జరుగకపోవుట వలన కలుగు నష్టము మార్కుల నష్టముతో పోవునది కాదు. తరువాతి తరములు తిరిగి సంపాదింపలేని నష్టము. దీనిని కొంచెము వివరింతుము.

మన దేశమున ఫ్లోరైడు వ్యాధి చరిత్ర నెల్లూరు జిల్లాతోనే మొదలైనదని మా పాఠకులలో ఎందఱికి తెలియునో చెప్పజాలము. 1930 తరువాతి తొలి యేండ్లలో ఈ ప్రాంతపు రైతులు ఒక వింతను గమనించిరి. కాడికి కట్టిన యెడ్లు కీళ్లు బిగిసి, నొప్పితో అడుగు వేయలేకపోవుచుండెను. కొన్నియేండ్లకు మనుష్యులలోను ఆ లక్షణములే కానవచ్చెను. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డు, మన్నాడి నాయరు అను వైద్యశాస్త్రజ్ఞులు విచారించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే ఇందుకు హేతువని 1937లో భారత వైద్యపరిశోధన పత్రికయందు ప్రకటించిరి. ఆనాటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి సీమలును చేరియుండెను. 1970లో ఒంగోలు కేంద్రముగా వేఱు జిల్లా ఏర్పడినప్పుడు అవి అందు చేరినవి. జిల్లా గీత మాఱినది గాని భూమిలోని ఱాయి మాఱలేదు. ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు మొదలగు మండలములలో నేటికిని ఫ్లోరైడు నీటి బాధ కలదు. ఈ చరిత్రలో గమనింపదగిన దేమనగా, తొలుత చూచినవాడు పట్టభద్రుడు కాడు, రైతు. ఎద్దు నడక మాఱినదని చూచి, ఎందులకని అడిగినవాడాతడు. వైద్యులు ఆ ప్రశ్నను గైకొని పరీక్షతో పూర్తిచేసిరి. పరిశోధన యనగా నిదియే.

ఈ ఫ్లోరైడు ఎట్టిదో తెలిసికొనుట యవసరము. ఇది పరిశ్రమల మురికి వలన వచ్చినది కాదు. అభ్రకము మొదలగు ఖనిజములు గల ఱాళ్లలో నుండి నీరు చిరకాలము నిలిచి దీనిని కరగించుకొనును. నీటిలో సున్నపు పాలు తగ్గి, సోడాక్షారము హెచ్చిన చోట మఱింత కరగును. దీనికి రంగు లేదు, వాసన లేదు. నాలుక దీనిని పట్టలేదు. నీటిని కాచినందున ఇది పోదు సరిగదా, నీరు ఇగిరిన కొలది పాలు హెచ్చును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రాము. వేఱు నీరు దొరకని చోట మాత్రమే 1.5 వఱకు ఓర్చవచ్చును. దంతములు రూపొందు పసితనముననే ఈ నీరు త్రాగినచో పండ్లపై మచ్చలు పడును. చిరకాలము త్రాగినచో ఎముకలు, కీళ్లు బిగియును. అట్లు బిగిసిన వెన్నును మరల సరిచేయు మందు లేదు. కావున ముందుగా తెలిసికొనుటయే రక్ష. తెలిసికొనుటకు కొలుచుట తప్ప వేఱు మార్గము లేదు.

నల్లగొండ మనకు రెండు పాఠములు నేర్పినది. అచ్చటి వ్యాధిని గూర్చి డాక్టరు సిద్దిఖీ గారు 1955లో బ్రిటిషు వైద్యపత్రికయందు వ్రాసిరి. నాగపూరునందలి పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును దించు పద్ధతిని 1974 ప్రాంతమున రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పటికయు సున్నమును ఏ పల్లెలోనైనను దొరకునవే. ఊరి బాధకు ఊరి అంగడి సరుకులతోనే ఉపాయము వెదకిన ఆ పద్ధతి పేరు నేడు విదేశముల గ్రంథములందును కనబడుచున్నది. ఇది మొదటి పాఠము.

రెండవది మఱింత సూక్ష్మమైనది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు 1973లో, ఫ్లోరైడు సీమలలోని పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగు వ్యాధి కలుగుచున్నట్లు లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. నాగార్జునసాగరము వంటి పెద్ద జలాశయముల ఊటచేత భూగర్భజలము పైకి లేచి, నేలలోను, పైరులోను సూక్ష్మలోహముల పాళ్లు మాఱుట ఇందుకు కారణములలో ఒకటి కావచ్చునని ఆ సంస్థవారు అభిప్రాయపడిరి. కాలువనీరు వచ్చుట మేలే. మెట్టరైతుకు అది ప్రాణము. అయినను ఆ నీరు నేలక్రింద ఏ మార్పు తెచ్చునో కనిపెట్టియుండుట విజ్ఞుల ధర్మమని ఈ పాఠము తెలుపుచున్నది.

ఈ పాఠము ఉదయగిరి సీమకు నేడే యవసరము. శ్రీశైలము జలాశయము నుండి నల్లమల కొండలను సొరంగములతో దాటించి కృష్ణనీటిని తెచ్చుటకై 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకము ప్రకాశము, కడప మండలములతో పాటు ఉదయగిరి ప్రాంతమునకును ఉద్దేశింపబడినదే. ఆ కాలువలు ఈ సీమ పొలములన్నిటను పారిన పిదప నీటిలోని ఫ్లోరైడు తగ్గునా, హెచ్చునా? కొన్ని చోట్ల తగ్గి కొన్ని చోట్ల హెచ్చునా? దీనికి ఊహతో సమాధానము చెప్పరాదు. కాలువనీటికి ముందు ఏ బావిలో, ఏ బోరులో, ఎంత లోతున, ఏ ఋతువున ఎంత పాలుండెనో వ్రాసిపెట్టిన లెక్క యున్నగాని తరువాతి మార్పును తెలిసికొనుట యసాధ్యము. ఆ లెక్క నేడు వ్రాయదగినది. నీరు పారిన మరునాడు ఎంత ధనము వెచ్చించినను, ఎంతటి శాస్త్రజ్ఞుని పిలిపించినను, నిన్నటి బావిని కొలువజాలము. తిరిగిరాని నష్టమని మేము పైన చెప్పినది దీనినే.

ఈ పని ఎవరు చేయవలయును? చేయదగినవారు విద్యార్థులే. మన రాష్ట్రపు ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించి, మొదటి సంవత్సరము ముగిసిన పిదప ప్రతి విద్యార్థియు 180 గంటలు గ్రామమునకు పోయి సేవాప్రాజెక్టు చేయవలెనని నిర్ణయించెను. తరువాత ఉద్యోగశిక్షణకును కాలము కేటాయించెను. ఈ యేర్పాటు పేరు మాఱవచ్చును, గంటలు మాఱవచ్చును. ఉద్దేశము మాత్రము ఉత్తమము. 180 గంటలన్న సామాన్యమైన కాలము కాదు. ఇరువదిమంది విద్యార్థులు చేరినచో 3,600 గంటల పని యగును. ఆ పనితో ఒక మండలమందలి త్రాగునీటి బావులు, బోరులు అన్నిటిని లెక్కించి, గుర్తించి, కొలువవచ్చును.

కాని జరుగుచున్నదేమి? ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్సు అంగళ్లలో అమ్ముడగుచున్నవి. నిరుటి విద్యార్థి పేరు కొట్టివేసి ఈయేటి విద్యార్థి పేరు చేర్చి, బైండు చేయించి, సంతకము చేయించుకొని బీరువాలో పెట్టుటతో పని ముగియుచున్నది. ఏ ఊరికి పోయినాడో ఆ ఊరివారు ఎఱుగరు. ఇందులకు విద్యార్థులనే నిందించుట న్యాయము కాదు. చదువని రిపోర్టుకు మార్కులు వేయువారున్నప్పుడు వ్రాయని రిపోర్టును కొనువారుందురు. పైగా నేడు అడిగిన క్షణమున ఎట్టి వ్యాసమునైనను అల్లియిచ్చు యంత్రములును వచ్చినవి. ఇక జిరాక్సు అంగడికి పోవు శ్రమయు తప్పినది. ఈ యంత్రముల రాకతో విద్యార్థి పరిశోధన యంతరించునని కొందఱు వాపోవుచున్నారు. మాకట్లు తోచదు. గ్రంథములలో నున్నదానిని తిరుగవ్రాయుటయే పరిశోధన యని నమ్మువారికి మాత్రమే ఇది యంత్యకాలము. వరికుంటపాటి బోరు దగ్గఱకు పోయి సీసా పట్టి నీరు తెచ్చు పని యే యంత్రమును ఇంటినుండి చేయజాలదు. ఎవ్వరును కొలువని దానిని ఏ యంత్రమును చెప్పజాలదు.

మా కళాశాలలలో ప్రయోగశాలలు లేవు, పరికరములు లేవు అను సమాధానము వినవచ్చును. ఈ కొఱత నిజమే. దానిని తీర్చుట ప్రభుత్వ ధర్మమే. కాని పరికరము వచ్చువఱకు ప్రశ్నను నిలిపియుంచ నక్కఱలేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్రను తలచుకొందము. ఆయన హార్వర్డునందు విద్యార్థిగా నుండగనే, ఆచార్యుడు ఫిస్కేతో కలిసి 1925లో, రక్తము మొదలగువానియందలి భాస్వరపు పాలును నీలివర్ణపు గాఢతనుబట్టి నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి ఆ యిరువురి పేర నేటికిని ప్రసిద్ధము. రంగును చూచి పాలు తెలిసికొనుట – ఆంధ్రుడొకడు విద్యార్థిదశయందు లోకమునకిచ్చిన కానుక యిది. ఆయన సోదరులు గ్రహణి వ్యాధితో మరణించిరి. ఆ బాధ ఆయనను విడువలేదు. 1940 తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధి చికిత్సయందు ముఖ్యమైన మందయ్యెను. ఇంటి దుఃఖమును ప్రశ్నగా మార్చుకొన్న యాతని మార్గము మెట్టసీమ పిల్లలకు దూరమైనది కాదు. నీటిలో ద్రావకపు చుక్కలు వేసి, మాఱిన రంగును పట్టీతో సరిచూచి ఫ్లోరైడు పాలును అంచనా కట్టు చిన్నపెట్టెలు నేడు దొరకుచున్నవి. ఇదియు రంగును చూచి పాలు తెలిసికొనుటయే.

ప్రభుత్వమువారే నీటిని పరీక్షించుచుండగా విద్యార్థులేల యని మఱికొందఱందురు. 2019లో ప్రారంభమైన జలజీవన పథకము క్రింద ప్రతి గ్రామమున అయిదుగురికి, ముఖ్యముగా స్త్రీలకు, ఇట్టి పరీక్ష నేర్పవలెనను నియమము కలదు. ఇది మెచ్చదగిన నియమము. విద్యార్థులు ఆ స్త్రీలతో కలిసి పనిచేయుటయే యుక్తము. నీరు మోయువారికి నీటిని గూర్చి తెలిసినంత ఇతరులకు తెలియదు. అయినను ఈ నీరు మంచిదా, చెడ్డదా అని చెప్పుటతో ప్రభుత్వ పరీక్ష ముగియును. ఎందువలన అను ప్రశ్న మిగిలియే యుండును. పదిబారల దూరమున నున్న రెండు బోరులలో ఒకదాని నీరు మంచిదై రెండవదాని నీరు చెడ్డదగుట యేల? లోతు కారణమా, ఱాయి కారణమా? ఈశాన్య ఋతువు వానలు పడిన పిదప పాలు తగ్గునా? ఊరూర వెలసిన నీటిశుద్ధి యంత్రములు బయటికి వదలు ఉప్పునీరు ఏ గుంటలో ఇంకి ఏ బావిని చేరుచున్నది? ఇరువది లీటర్ల డబ్బాలో అమ్ము నీటిని ఎవరు ఎన్ని నెలల కొకసారి పరీక్షించుచున్నారు? ఇట్టి ప్రశ్నలకే పరిశోధన యని పేరు.

ఈ పనికి క్రమము ముఖ్యము. ఒకనాడు కొలిచి పత్రికకెక్కుట వలన లాభము లేదు. ఆ చిన్నపెట్టె స్థూలమైన అంచనానే యిచ్చును గనుక, తొందరపడి ఊరివారిని బెదరించుటయు తప్పు. మా సూచన లివి. ప్రతి కళాశాలయు చేరువనున్న కొన్ని గ్రామములను తనవిగా గైకొనవలయును. బావులకు, బోరులకు సంఖ్య లిచ్చి, లోతును వ్రాసికొని, ఏటికి రెండుమాఱులు – వేసవి చివరను, ఈశాన్యపు వానలు వెలిసిన పిదపను – కొలువవలయును. పదింట నొక సీసాను ప్రభుత్వ ప్రయోగశాలకు పంపి తమ కొలతను సరిచూచుకొనవలయును. లెక్కల పుస్తకము విద్యార్థితో పోక కళాశాలలో నిలువవలయును. ఈయేటి తరగతి విడిచిన చోట మఱుయేటి తరగతి యందుకొనవలయును. పదియేండ్లిట్లు జరిగినచో, ఆ పుస్తకమును వెదకికొని పెద్ద విశ్వవిద్యాలయములవారే ఉదయగిరికి వత్తురు.

ఇది సైన్సు విద్యార్థులకు మాత్రమే చెల్లిన ధర్మము కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గైకొన్న ఉదయగిరి దుర్గము చరిత్ర విద్యార్థులకు పాఠశాల. బటర్వర్తు, వేణుగోపాలుశెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. నూఱేండ్లు దాటినవి. వారు చూచిన ఱాళ్లలో నేడు నిలిచియున్నవెన్ని, పగిలినవెన్ని, ఏ కల్లపు గట్టున చేరినవెన్ని? ఆ సంపుటములు చేతబట్టి ఊరూర తిరిగి సరిచూచినచో అదియే గొప్ప పరిశోధన. ఉదయగిరి కొయ్యగరిటెలకు భౌగోళిక గుర్తింపు లభించినది; ఆ కొయ్య యే చెట్టుది, కొండపై ఆ చెట్లు పెరుగుచున్నవా, తఱుగుచున్నవా, చెక్కు కుటుంబమునకు దినమునకు మిగులుచున్నదెంత అని వృక్షశాస్త్ర విద్యార్థులును, అర్థశాస్త్ర విద్యార్థులును కలిసి విచారింపవచ్చును.

ఇచ్చటి పిల్లలు బీదకుటుంబములవారు, తమ యింట తొలిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు, వారికి కావలసినది ఉద్యోగము గాని పరిశోధన కాదు అను వాదము మాకు తెలియును. ఇది దయతో పలికిన మాటయే యైనను, ఫలితము క్రూరము. ఉద్యోగమిచ్చువాడు కొన్న రిపోర్టును చూచి మోసపోవు కాలము గతించినది. నీవేమి చేసితివి, ఎట్లు చేసితివి, తప్పు వచ్చినప్పుడు ఎట్లు దిద్దుకొంటివి అని యడిగినప్పుడు, నాలుగువందల సీసాల నీటిని కొలిచిన బాలిక చెప్పగల సమాధానము, రిపోర్టు కొనుక్కొన్న బాలుడు చెప్పజాలడు. బీదవారికి తక్కువ చదువు చాలునను మాటను ఏ వేషమున వచ్చినను మేము అంగీకరింపము.

ఆత్మకూరు శాసనసభ్యులుగాను, రాష్ట్ర పరిశ్రమల మంత్రిగాను ఉండిన మేకపాటి గౌతమరెడ్డి గారు 2022లో మరణించిన పిదప, ఉదయగిరిలోని ఇంజనీరింగు కళాశాలను వారి పేర వ్యవసాయ విశ్వవిద్యాలయముగా చేయుదుమని నాటి ప్రభుత్వము ప్రకటించెను. మెట్టసీమకు విశ్వవిద్యాలయము రావలెనని కోరనివా రుండరు. మేమును కోరుదుము. అయినను పేరు మార్చిన పలక వలన పరిశోధన పుట్టదు. అడుగు విద్యార్థి, ఆ ప్రశ్నను ఓపికతో విను అధ్యాపకుడు, ఉన్నదున్నట్లు వ్రాసిన లెక్క – ఈ మూడును ఉన్నచోట చిన్న కళాశాలయు విశ్వవిద్యాలయమే. 2008లో నెల్లూరున నెలకొన్న విక్రమసింహపురి విశ్వవిద్యాలయమువారు ఈ విషయమున ముందడుగు వేయవలెనని మా ప్రార్థన. విద్యార్థులతో గ్రామములకు పోవు అధ్యాపకుని కాలమును బోధనాకాలముగా లెక్కింపుడు. కొన్న రిపోర్టుకు సున్న వేయుడు. అనుకొన్న ఫలితము రాకున్నను నిజాయితీతో వ్రాసిన లెక్కకు పూర్తి మార్కులు వేయుడు. ఈ మూడు నియమములకు కోట్ల రూపాయలు అక్కఱలేదు.

తుదిగా భాషను గూర్చి యొక మాట. 2021-22 నుండి డిగ్రీ తరగతులన్నిటిని ఆంగ్లమాధ్యమమున నడపవలెనని రాష్ట్రమున నిర్ణయమైనది. రిపోర్టును ఆంగ్లమున వ్రాయుదురు గాక. కాని ఏ ఊరి నీటిని కొలిచిరో ఆ ఊరి గ్రామసభలో ఆ ఫలితమును తెలుగున చదివి వినిపింపనిదే ఆ పని పూర్తియైనట్లు ఎంచరాదు. 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావు ప్రభృతులు, చదువు చేతిపనితోను, నేలతోను సంబంధము కలిగియుండవలెనని కోరిరి. ఆ కోరిక నేటికిని పాతబడలేదు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పురప్రముఖులకు మా విన్నపము ఇది. మీ ఊరి కళాశాలకు పోయి, మా ఊరి నీటిని గూర్చి మీ పిల్లలు ఈయేడు ఏమి కనుగొనిరి అని అడుగుడు. సమాధానము లేకున్న మఱుయేడు మఱల అడుగుడు. పరీక్షాపెట్టెలకు నాలుగు వేలు చందా కావలెనన్న పోగుచేసి యిండు. ఫలితము చెప్పుటకు పిల్లలు వచ్చిననాడు మందిరపు తలుపులు తెఱచి, చెప్పినది చేదైనను వినుడు. తొంబదియేండ్ల క్రిందట మెట్టరైతు తన యెద్దు కుంటుటను చూచి ఎందులకని అడిగెను. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము నేటికిని రాలేదు. వెలిగొండ నీరు రాకముందే దానిని వెదకుట ఆ రైతు మనుమల పని.